కందిరీగ ఇచ్చిన సీటు

మా ఆవిడకు బస్సులో సీటు దొరికింది. ఇదీ ఒక వార్తేనా అనకండి! జగ్గయ్యపేట నుంచి నందిగామకు పొద్దుటి బస్సులో ఏళ్ల తరబడి రాడ్డు పట్టుకుని వేలాడుతూ వెళ్ళిన మనిషికి సీటు దొరకడమంటే సింహాసనం దొరకడమే. ఆ పట్టాభిషేకానికి కారకుణ్ణి నేను. అయితే రాజ్యం గెలిచి తెచ్చిన సేనాపతికి ఊరేగింపు చేస్తారు గానీ, నాకు జరిగింది మాత్రం ఊరేగింపు కాదు. టీ చల్లారేలోగా చెప్పేస్తాను, వినండి. మధ్యలో మాత్రం నవ్వవద్దు. చివర్లో ఎలాగూ ఆగలేరు.

నా సంగతి మీకు తెలుసు. హైస్కూల్లో సోషల్ చెబుతాను, ఆధారం లేనిదేదీ ఒప్పుకోను. మన ఊరి బౌద్ధస్తూపం దగ్గర లంకెబిందెలున్నాయని ఎవరైనా అంటే, "ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు? చూసినవాడు మీకే ఎందుకు చెప్పాడు?" అని అడిగి వారి ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతాను. ఇంతటి నిక్కచ్చి మనిషిని, ఒక పురుగు పట్టుకుని ఆడించింది.

మా స్కూలు సైన్సు మేడం కాన్పు సెలవు మీద వెళ్ళారు. పరీక్షలేమో దగ్గర పడుతున్నాయి. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "సోషల్ గారూ, ఎనిమిదో తరగతి జీవశాస్త్రం మిగిలిపోయింది. మీరు కాస్త లాగెయ్యండి" అన్నారు.

"జీవశాస్త్రంలో నాకేం తెలుసండీ?"

"అశోకుడు మాత్రం జీవి కాదా ఏం? వెళ్ళండి, వెళ్ళండి."

వెళ్ళాను. పాఠం పేరు ఆవాసాలు. ఒక జీవి ఎక్కడ బతుకుతుందో అది దాని ఆవాసం. అక్కడ అది ఏం తింటుంది, ఎవరికి ఆహారమవుతుంది, ఏ వేళకు ఏ పని చేస్తుంది, మొత్తం మీద ఆ చోట దాని పాత్ర ఏమిటి అన్నది నిచ్. ఈ రెండో మాటకు పుస్తకం రాసినవారికి కూడా తెలుగు దొరికినట్టు లేదు. ఇంగ్లీషు మాటనే తెలుగు అక్షరాల్లో కూర్చోబెట్టి తప్పుకున్నారు. నేను నా పద్ధతిలో విడమరిచాను: "ఆవాసం అంటే అడ్రసు. నిచ్ అంటే ఉద్యోగం. ఒకే అడ్రసులో ఎందరైనా ఉండవచ్చు. కానీ ఒకే ఉద్యోగంలో ఇద్దరు ఎక్కువకాలం ఇమడలేరు. ఎవరో ఒకరు లేవవలసిందే." ఈ చివరి వాక్యాన్ని మీరు గుర్తుంచుకోండి. నేను మరిచిపోయి దెబ్బతిన్నాను.

ముందు బెంచీలో నాగమణి అని ఒక పిల్ల ఉంది. మెయిన్ బజారులో కిరాణా కొట్టు నడిపే కోటేశ్వరమ్మగారి చిన్నమ్మాయి. ప్రశ్న అడగనిదే గాలి పీల్చదు.

"సార్, మరి మీ మేడంగారి ఆవాసం ఏది సార్?"

"మా ఇల్లే. ఏం?"

"మా పద్మక్క కూడా ఆ బస్సులోనే నందిగామ కాలేజీకి వెళుద్ది సార్. మేడంగారు రోజూ నుంచునే వస్తారంట. మరి ఆవాసం ఇల్లా, బస్సా?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వి, "బస్సు ఆవాసం కాదమ్మా, వలస మార్గం" అన్నాను. కానీ ఆ ప్రశ్న నాకు కొంచెం గుచ్చుకుంది.

ఎందుకంటే మా ఆవిడ సుభద్ర నందిగామ కోర్టులో టైపిస్టు. పగలంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమే. అయితే ఆ కుర్చీ దాకా నిలబడి వెళ్ళాలి, మళ్ళీ ఇంటిదాకా నిలబడి రావాలి. జగ్గయ్యపేటకు బదిలీ ఇమ్మని అడుగుతూనే ఉంది. వారు చూస్తామంటూనే ఉన్నారు. మన బస్టాండులో ఆచారం మీకు తెలియనిది కాదు: బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు విసిరినవాడిదే సీటు. కర్చీఫు పడ్డ సీటును మరొకరు ముట్టుకోరు; మన ప్రాంతంలో ఇంత నిష్ఠగా పాటించే చట్టం నాకు ఇంకొకటి కనబడలేదు. సుభద్రేమో చచ్చినా కర్చీఫు వెయ్యదు. "కోర్టులో పనిచేసే మనిషిని, దొంగలా కిటికీలోంచి చెయ్యి పెట్టనా?" అంటుంది. అందువల్ల నలభై ఆరేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, సాయంత్రం ఇంటికి రాగానే వసారాలో కూర్చుని బామ్ రాసుకుంటుంది. మా వసారాకు ఒక వాసనంటూ ఉంటే అది బామ్ వాసనే.

ఆ వసారా గోడ మీదే, స్విచ్చిబోర్డుకు పైన, ఒక కందిరీగ మట్టి గూడు కట్టడం మొదలుపెట్టింది.

నాకు ప్రాణం లేచివచ్చింది. పుస్తకంలో బొమ్మ ఎందుకు, గోడ మీద ప్రాథమిక ఆధారమే ఉండగా! ఆవాసం: మా వసారా. ఉద్యోగం: పంపు కింది తడిమట్టిని ఉండలుగా చేసి తేవడం, కుండల్లాంటి గదులు కట్టడం, గొంగళిపురుగును కుట్టి, చంపకుండా కదలకుండా చేసి లోపల దాచడం, గుడ్డు పెట్టి మూత వేయడం. భ్రమరకీటక న్యాయం అని మన పెద్దలు ఒకటి చెబుతారే, భ్రమరం చుట్టూ తిరిగి ఝుంకారం చేయగా చేయగా పురుగు కూడా భ్రమరమే అయిపోతుందని! పాపం, ఎంత అందమైన పొరపాటు! లోపల పెట్టిన గుడ్డు పిల్లై, ఆ పురుగును తిని, రెక్కలతో బయటికి వస్తుంది. వచ్చినదాన్ని చూశారు గానీ లోపలేం జరిగిందో ఎవరూ చూడలేదు. ఒక్క గూటితో పిల్లలకు జీవశాస్త్రమూ, ఆధారాలను ఎలా తూచాలో కూడా చెప్పేయవచ్చు అనుకున్నాను.

అంతలో సుభద్ర చీపురు ఎత్తింది.

"ఆగు! అది గూడు కాదు, పాఠం!"

"పాఠమైతే స్కూల్లో పెట్టుకోండి. కుడితే మీ అశోకుడొచ్చి మందు రాస్తాడా?"

బతిమాలి చీపురు దింపించాను. గూడు చుట్టూ సుద్దముక్కతో గీత గీశాను. ఆదివారం పిల్లల్ని గుంపులుగా రమ్మన్నాను. వచ్చారు, చూశారు, బొమ్మలు గీసుకున్నారు, సుభద్ర ఇచ్చిన జంతికలు తిన్నారు. నాగమణి మాత్రం గూటినీ, మా ఆవిడనూ మార్చి మార్చి చూసి, "సార్, ఈ గూడు పగలగొట్టరా సార్?" అంది.

"చచ్చినా పగలగొట్టను. ఎవరినీ ముట్టుకోనివ్వను."

"మేడంగారు కూడా వద్దన్నారా సార్?"

"ఆవిడ కూడా ఒప్పుకుంది."

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. పాఠం అర్థమైందనుకున్నాను. ఉపాధ్యాయుడి జీవితంలో ఇంతకు మించిన భ్రమ ఉండదండీ.

ఆ తర్వాత రెండు రోజులకో మూడు రోజులకో సుభద్ర కోర్టు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే, "ఏమండీ! ఇవాళ సీటు దొరికింది!" అంది.

"కర్చీఫు వేశావా?"

"నేనా? కోటేశ్వరమ్మగారి పద్మ లేదూ, 'ఆంటీ, ఇటు రండి' అని పిలిచి తన సీటు ఇచ్చింది. వద్దంటే ఊరుకోలా."

"ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కట్టకూడదు" అన్నాను.

మర్నాడూ దొరికింది. ఆ మర్నాడూ దొరికింది. సాయంత్రం తిరుగు బస్సులో కూడా దొరకసాగింది. ఆడవాళ్ళ సీట్లలో ఎవరో ఒకరు ముందే కర్చీఫు వేసి ఉంచడం, ఈవిడ ఎక్కగానే తీయడం. కండక్టరు, ఆ ఎర్రటి కండువా ఆయన, ఏనాడూ చిల్లర సరిగ్గా ఇవ్వని మనిషి, "అమ్మగారూ, వెనక వద్దు, కుదుపులెక్కువ. ముందుకు రండి" అన్నాడట!

"లోకంలో మంచితనం పెరుగుతోందండీ" అంది సుభద్ర.

"చరిత్రలో అలాంటి దాఖలా లేదే" అన్నాను నేను.

కానీ ఇంట్లో మార్పు మాత్రం కళ్ళకు కనబడింది. వసారాలో బామ్ వాసన తగ్గింది. సాయంత్రం గుమ్మం ఎక్కేటప్పుడు తలుపు రెక్క పట్టుకోవడం మానేసింది. సీట్లో కూర్చుని ఏం చేస్తున్నావంటే, నా బీరువాలోంచి శాతవాహనుల మీద పుస్తకం ఒకటి తీసుకెళ్ళి చదువుతోంది! ఒకరోజు వచ్చి, "మీరు ప్రతి పెళ్ళిలోనూ చెప్పే ఆ రాజుగారి కథ ఇందులో ఎక్కడా లేదేమండీ?" అంది. నేను వెంటనే మాట మార్చి కాఫీ అడిగాను.

అటు కోటేశ్వరమ్మగారి కొట్లో సరుకులకు వెళితే, పొట్లాలతోపాటు రెండు పుల్లటి మామిడికాయలు సంచీలో వేసి, "ఇయ్యి అమ్మగారికి. లెక్కలో లేవులెండి" అంటున్నారు. మామిడికాయల కాలమే కదా అనుకున్నాను. మూడు ప్రశ్నలు వేసే మనిషిని, మామిడికాయను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు!

అసలు సంగతి హెడ్మాస్టరు గారి గదిలో బయటపడింది. ఆయన తలుపు దగ్గరగా వేసి, నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపారు.

"శుభం, సోషల్ గారూ! ఇందులో సిగ్గుపడేందుకేముంది? మా మేనత్తకు కూడా లేటు వయసులోనే... అంతా దైవసంకల్పం. అయితే ఒక్క మాట. సైన్సు మేడం సెలవులో ఉన్నారు, మీరు కూడా సెలవంటే నేనేమైపోవాలి?"

"నాకెందుకండీ సెలవు?"

"ఇంట్లో సాయం ఉండొద్దూ?"

కొంతసేపు మేమిద్దరం వేరువేరు శతాబ్దాలలో మాట్లాడుకున్నాం. చివరికి ఆయనే విడమరిచారు. ఇంట్లో కందిరీగ మట్టి గూడు పెడితే ఆ ఇంటి ఇల్లాలు నెల తప్పినట్టట! పెట్టిన గూటిని పగలగొట్టకూడదట! పైగా, ఆ ఇంటాయనే గూటి చుట్టూ గీత గీసి కాపలా కాస్తున్నాడంటే ఇక అనుమానమేముంది?

వరస కట్టి చూశాను. ఎవరు చూశారు? నాగమణి. ఎవరికి చెప్పింది? వాళ్ళమ్మకు. అక్కడి నుంచి? ఉప్పూ పప్పూ కొన్న ప్రతివారికీ, పద్మ ద్వారా బస్సుకు, బస్సు ద్వారా నందిగామకు. మామిడికాయలు, కర్చీఫులు, కుదుపులెక్కువన్న కండక్టరు... అన్నీ ఒక్క గూటికే చేరాయి. విజయవాడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, మొన్న ఫోను చేసి, "నాన్నా, నాకేమన్నా చెప్పాల్సింది ఉందా?" అని ఎందుకు అడిగిందో కూడా అప్పుడు అర్థమైంది!

సరే. తప్పుడు చరిత్రకు మందు నిజమే కదా. అదే రోజు క్లాసుకు వెళ్ళి బల్లకు చెయ్యి ఆనించి, శాసనం చదివినట్టు ప్రకటించాను: "కందిరీగకూ కాన్పుకూ ఎటువంటి కార్యకారణ సంబంధమూ లేదు. కందిరీగ తడిమట్టినీ, వాన తగలని గోడనూ వెతుక్కుంటుంది. అంతే. మా ఇంట్లో ఎటువంటి విశేషమూ లేదు. అర్థమైందా?"

నాగమణి లేచి నిలబడింది. ఆ పిల్ల కళ్ళల్లో ఎంత జాలి!

"అర్థమైంది సార్. మూడో నెల దాటిందాకా బయటికి చెప్పకూడదని మా అమ్మ కూడా అంది సార్. మేం ఎవ్వరికీ చెప్పం సార్."

"చెప్పం సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో మాట ఇచ్చింది.

చూశారా! మన దగ్గర విశేషం ఉన్నవాళ్ళు లేదనే అంటారు. కాబట్టి లేదన్నవాడికి ఉన్నట్టే! ఆధారాలను నమ్ముకున్నవాడికి ఇంతకు మించిన ఉచ్చు ఉండదు. పోనీ గూడు తీసేద్దామంటే, ఊరంతా పరామర్శకు వస్తుంది. అది ఇంకా ఘోరం.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సుభద్ర వసారాలో కూర్చుని ఉంది. ఎదురుగా ఒక స్టీలు డబ్బా.

"కండక్టరుగారి భార్య పంపిందట. బస్సులో ఇచ్చాడు" అంది.

మూత తీశాను. చలిమిడి. కడుపు చలవకని గర్భిణికి పెట్టే చలిమిడి. సుభద్ర దానికేసి చూసింది. గోడ మీద గూటికేసి చూసింది. సుద్దగీతకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. నేను చెప్పనక్కరలేకపోయింది, ఆవిడ కూడా ఈ ప్రాంతంలోనే పుట్టిందిగా.

తిడుతుందనుకున్నాను. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ కలిశాను. నవ్వు ఆగాక కొంగుతో ముఖం తుడుచుకుంటూ, మెల్లగా, "అయితే రేపటి నుంచి మళ్ళీ నుంచోవాలన్నమాట" అంది.

ఆ ఒక్క మాటతో నా నవ్వు ఆరిపోయింది.

"ఎవరూ నిన్ను లేవమనలేదుగా" అన్నాను. నిజం కోసం పెళ్ళిళ్ళలో కూడా తగాదా పడే నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "కొన్నాళ్ళు అలా ఉండనీ, సుభద్రా."

"అబద్ధం మీద కూర్చుంటే మోకాళ్ళు బాగుంటాయేమో గానీ, మనసు నుంచునే ఉంటుందండీ. రేపు నేనే చెబుతా."

"నేను కూడా వస్తాను. వివరంగా చెబుతాను."

"మీరు క్లాసులో చెప్పిన వివరానికే చలిమిడి వచ్చింది. బస్సులో చెబితే సారె పంపుతారు. వస్తే రండి, నోరెత్తకండి."

మర్నాడు సెలవు పెట్టి వెంట వెళ్ళాను. బస్సు ఇంకా ఆగనేలేదు, కిటికీలోంచి పద్మ కర్చీఫు వేసేసింది. "ఆంటీ, ఇటు!" అంది. సుభద్ర వెళ్ళి ఆ సీటు పక్కన నిలబడి రాడ్డు పట్టుకుంది. కూర్చోలేదు.

నేను ఉండబట్టలేక, "మహాశయులారా, ఒక చిన్న సవరణ..." అని మొదలుపెట్టాను. సుభద్ర ఒక్క చూపు చూసింది. సవరణ అక్కడే ఆగింది.

"ఒక మాట చెప్పాలమ్మా, అందరికీ" అంది ఆవిడ. "మీరందరూ ఏదో అనుకుని నాకు సీటిస్తున్నారట. నాకు నిన్ననే తెలిసింది. అదేం లేదు. మోకాళ్ళ నొప్పులు తప్ప నా ఒంట్లో ఏ విశేషమూ లేదు. తెలియక ఇన్నాళ్ళూ కూర్చున్నా. ఇంక ఎవరి సీట్లో వాళ్ళు కూర్చోండి."

వెనక ఎవరో దగ్గారు. అప్పుడు పద్మ నెమ్మదిగా, "మాకు తెలుసు ఆంటీ" అంది.

"తెలుసా?"

"మా అమ్మా చెల్లీ ఇంకా నమ్ముతున్నారనుకోండి. మేం మొదట్లో నమ్మాం. తరవాత మీరు ఒకరోజు కదులుతున్న బస్సును పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కారు కదా! కడుపుతో ఉన్నోళ్ళు అలా పరిగెత్తరని అప్పుడే అనుకున్నాం."

"మరి అప్పుడైనా చెప్పలేదేమే?"

పద్మ కర్చీఫును వేళ్ళకు చుట్టుకుంటూ తల దించుకుంది. "మీరు కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటుంటే చూడ్డానికి బాగుంది ఆంటీ. మా అమ్మ కూడా పొద్దుగూకులూ కొట్లో నుంచునే ఉంటుంది. ఆవిణ్ణి కూర్చోమనేవాళ్ళు ఎవరూ లేరు. మిమ్మల్నయినా..."

సుభద్ర ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. కండక్టరు టికెట్ల సంచీ సర్దుకుని గట్టిగా గొంతు సవరించుకున్నాడు.

"కూర్చోండి మేడంగారూ. మోకాళ్ళ నొప్పి మాత్రం నొప్పి కాదా? మీరు కూర్చుంటే గానీ నేను రైట్ చెప్పను."

సుభద్ర కూర్చుంది. బస్సు కదిలింది.

చిల్లకల్లు దగ్గర ఆవిడ పక్క సీట్లో మనిషి దిగిపోయింది. నా మనసు అప్పటికే మెత్తబడి ఉంది. నిజం గెలిచింది, సీటూ నిలిచింది. ఇలాంటి వేళ భార్య పక్కన కూర్చోకపోతే ఇంకెప్పుడు? వెళ్ళి కూర్చున్నాను. ఏదైనా ఆప్యాయంగా అందామని, "శాతవాహనుల్లో ఎంతవరకు వచ్చావు?" అని అడిగాను.

"మాస్టారూ!" కండక్టరు కేక. "పైన ఏం రాసుందో చదవండి!"

తల ఎత్తాను. కిటికీ పైన, ఎర్ర రంగుతో, ఒకే ఒక్క మాట: స్త్రీలు. బ్రాహ్మీ లిపి కూడా గుణింతం కట్టి చదవగలనని మీ అందరి దగ్గరా గొప్పలు పోయినవాణ్ణి! నిన్న మొన్నటి తెలుగు శాసనం, తలకు జానెడు ఎత్తున ఉన్నది, కంటికి ఆనలేదు.

లేచాను. పద్మ నవ్వాపుకుంటూ వచ్చి నా చోట్లో కూర్చుంది. సుభద్ర పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "అడ్రసు ఒకటేనండీ. ఉద్యోగాలే వేరు. మీ పాఠమేగా?" అని, తన భోజనం సంచీ నా చేతికి అందించింది.

గూడు ఇంకా గోడ మీదే ఉంది. దానికి చిన్న చిల్లు పడింది. లోపలిది ఎప్పుడో ఎగిరిపోయింది. సైన్సు మేడం తిరిగి వచ్చేదాకా పాఠం నాదే. ఇక ఆ రోజు సంగతంటారా, నందిగామ దాకా ఒంటిచేత్తో రాడ్డు, రెండో చేత్తో సంచీ పట్టుకుని నిలబడి వెళ్ళాను, అలాగే తిరిగి వచ్చాను. సాయంత్రం మా వసారాలో మళ్ళీ బామ్ వాసన వేసింది. రాసుకున్నది నేను. మూత తీసిపెట్టింది మాత్రం ఆవిడే.